'సూటిపోటి' ఆఖరి పేజీ

ఆవిడ కుర్చీలో కూర్చోకముందే చేతిరుమాలు విప్పి బల్ల మీద బోర్లించింది. గుప్పెడు సీసపు అక్షరాలు గలగలా దొర్లి మాస్టారి నోటుబుక్కు దగ్గర ఆగాయి.

"ఇది మా నాన్న ఆఖరి మాట. ఎవరో నేలపాలు చేశారు," అంది. "రేపు మధ్యాహ్నంలోగా సంగతి తేలకపోతే ఆయన అనని మాటలు ఆయన నోట్లో పెడతారు."

మాస్టారు కళ్లజోడు సవరించుకుని పెన్ను మూత తీశారు. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆయన. ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్ ఒకప్పుడు ఆయన దగ్గరే ఎనిమిదో తరగతి చదివింది. తర్వాత బీమా కంపెనీలో చేరి, కాలిపోయిన గోదాములూ విరిగిపోయిన యంత్రాలూ పరిశీలించే ఉద్యోగం పదిహేనేళ్లు చేసి, దానికి స్వస్తి చెప్పి ఈ ఆఫీసు తెరిచింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక మాస్టారు ఆమెకు సహాయకుడిగా చేరారు. జనం ముందు ఆమెను మేడమ్ అని పిలవాలని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు గానీ, ఆయన నోటికి ఇంకా అమ్మాయ్ అనే వస్తుంది. తన శిష్యురాలి తెలివి అంతా తన బెత్తం చలవేనని ఆయన గట్టి నమ్మకం. దాన్ని చెరపడానికి ఆమె ఎప్పుడూ ప్రయత్నించలేదు.

వచ్చినావిడ చెప్పిన కథ ఇది. ఆవిడ తండ్రి 'సూటిపోటి' అనే వారపత్రిక నడిపాడు. పెద్దమనుషుల గుట్టు, మోటు హాస్యం, మర్యాదస్తులు చాటుగా చదివి బయట ఛీకొట్టే బొమ్మలు, ఇవన్నీ కలిపి వారానికి పదహారు పేజీలు. అభిమానులు ఆయన్ని సింహం అన్నారు, గిట్టనివాళ్లు బురద పబ్లిషర్ అన్నారు. ముప్పయ్యైదేళ్ల కిందట ఒక మంత్రిని ఒంటిమీద నూలుపోగు లేకుండా బొమ్మ వేస్తే కేసయింది. వచ్చే సంచికలో క్షమాపణ వేయండి, లేదా పబ్లిషరూ ప్రింటరూ ఇద్దరూ జైలుకి పొండి అని కోర్టు గడువు పెట్టింది. క్షమాపణ అనే మాట తన ప్రెస్సులో అచ్చుకాదని ఆయన కోర్టు మెట్ల మీద నిలబడి అందరికీ వినబడేట్టు చెప్పాడు.

ఆ సంచిక కోసం ఆయన ఒక పేజీ చెప్పి రాయించాడు. ఫోర్‌మన్ దాన్ని అక్షరం అక్షరం పేర్చి ఇనప చట్రంలో బిగించాడు. ఇక మెషినెక్కించడమే తరువాయి అనగా పోలీసులొచ్చి ప్రెస్సుకి సీలు వేశారు. లోపల ఇంకా ఘోరమైనదేదో అచ్చవుతోందని ఎవరో ఫోను చేసి ఉప్పందించారట. ఆ ఎవరో ఎవరన్నది ఈనాటికీ తేలలేదు. పబ్లిషరూ, ప్రింటరుగా పత్రిక మీద పేరున్న ఫోర్‌మనూ ఎనిమిది నెలలు జైల్లో ఉన్నారు. బయటికొచ్చిన ఏడాదికి పబ్లిషర్ పోయాడు. సీలు వేసేలోపు ఫోర్‌మన్ దొడ్డిదారిన ఇంటికి చేర్చిన ఆ పేజీ మాత్రం గుడ్డ చుట్టి అలాగే ఉండిపోయింది.

"అంటే అందులో ఏముందో ఎవరూ చదవలేదా?" అంది డిటెక్టివ్. ఆమె కళ్లలో మెరుపు చూసి, ఈ కేసు ఆమె ఒప్పుకున్నట్టేనని మాస్టారు తేదీ వేసుకున్నారు.

"ఫోర్‌మన్ బాబాయ్‌కి తెలుసు, పేర్చింది ఆయనేగా. అచ్చయ్యేదాకా నోరెత్తనని నాన్నకి మాటిచ్చాట్ట. ఇప్పుడు నాన్న మీద సినిమా తీస్తున్నారు. ఆ పేజీని కెమెరా ముందే విప్పి, కెమెరా ముందే మొదటి కాపీ వేయాలని డైరెక్టర్ పట్టుబట్టాడు. అందులో ఏముంటే అదే సినిమాకి ముగింపు."

మూడు రోజుల కిందట ఫోర్‌మన్ పేజీని ప్రెస్సుకి తెచ్చాడు. ఈ ఉదయం ఏడింటికి ఆవిడ తలుపు తీసేసరికి అక్షరాలన్నీ నేలమీద కుప్పగా ఉన్నాయి. డైరెక్టర్ తల పట్టుకుని, ఆ వెంటనే తేరుకుని, మాటల రచయిత చేత ఒక పేజీ రాయించి దాన్నే పబ్లిషర్ ఆఖరి మాటగా చూపిస్తానన్నాడు.

"మా నాన్న లోకానికంతా ఏదో ఒకటి చెప్పాడు," అంది ఆవిడ. "ఇంట్లో మాకు చెప్పింది తక్కువ. కనీసం ఆఖరున ఏమన్నాడో తెలుసుకుందామంటే ఇదీ వరస. వాళ్లు రాసింది తెర మీదికొచ్చిందంటే ఇక అదే నిజమైపోతుంది. నేను పోయాక కాదని చెప్పేవాళ్లు కూడా ఉండరు."

డిటెక్టివ్ ఒక అక్షరాన్ని వేళ్ల మధ్య తిప్పి చూస్తూ, కుప్పలోంచి ఇవి ఏరి తెచ్చారా, దొరికినవి తెచ్చారా అని అడిగింది. చేతికి దొరికినవేనని ఆవిడ చెప్పింది. ఇందులో తేడా ఏమిటో మాస్టారికి అర్థం కాలేదు గానీ, రాసుకున్నారు.

ప్రెస్సు ముందుగదిలో ఆవిడ జిరాక్స్, బైండింగు షాపు నడుపుతోంది. దాని వెనక పొడుగాటి గది. నల్లరాతి నేల, గోడవారగా అక్షరాల గళ్ల పెట్టెలు, మధ్యలో పేజీలు కట్టే రాతిబల్ల, మూలన చేత్తో నడిపే పాత మెషిను, దాని పక్కన అరిగిన అక్షరాలు పడేసే డబ్బా. మిగతా ఖాళీ అంతా సినిమా వాళ్లు ఆక్రమించారు. రాతిబల్లకి రెండడుగుల దూరంలో కొత్త చెక్క రాక్ ఒకటి పెట్టి, థర్మోకోల్‌తో చేసి వెండిరంగు పూసిన ఉత్తుత్తి పేజీలు వరసగా సర్దారు. కింది అర బద్ద నడుమ కుంగి ఉండడం చూసి మాస్టారికి ఒళ్లు మండింది. సినిమా వడ్రంగి కదా, నాలుగు రోజులు నిలబడితే చాలనుకుని ఉంటాడని మనసులోనే నాలుగు చీవాట్లు పెట్టారు.

కుప్ప రాతిబల్ల పక్కన నేలమీద ఉంది. పక్కన ఖాళీ ఇనప చట్రం, పేజీకి చుట్టిన పాత గుడ్డ. డిటెక్టివ్ గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. కుప్పలో అక్షరాలతోబాటు మాటకీ మాటకీ మధ్య పెట్టే మొద్దు సీసపు ముక్కలూ, లైనుకీ లైనుకీ మధ్య పెట్టే పల్చటి బద్దలూ ఉన్నాయి. కాగితం మీద ఖాళీగా కనబడే చోటు కూడా ఇక్కడ సీసమేనని ఆవిడ వివరించింది. ఆ ముక్కలు లేకపోతే పేజీ నిలబడదట. మాస్టారు ఆశ్చర్యపోయారు.

నిన్న సాయంత్రం ఐదింటికి షూటింగు అయిపోయింది. ఏడింటికి ఆవిడ తాళం వేసింది. మధ్యలో లోపలికి వెళ్లి వచ్చినవాళ్లు ముగ్గురే. కెమెరా ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి డైరెక్టర్, మరిచిపోయిన కళ్లజోడు కోసం హీరో, రోలర్లు తుడవడానికి ఫోర్‌మన్.

"పేజీ బరువెంత?"

"పన్నెండు కిలోలుంటుంది."

"రాతినేల మీద పడితే మీకు వినబడలేదా? మధ్యలో ఉన్నది ఒక్క తలుపేగా."

ఆవిడ ఆలోచించింది. జిరాక్స్ మెషిను నడుస్తోందనీ, అయినా అంత బరువు పడితే వినబడే ఉండాలనీ, నిజానికి తనకేమీ వినబడలేదనీ ఒప్పుకుంది.

తర్వాత ఒక్కొక్కరినీ పిలిచారు. విచారణలో మాస్టారి పద్ధతి ఒకటుంది. ప్రతి అనుమానితుడికీ నూటికి మార్కులు వేస్తారు. ఎవరికి ఎక్కువొస్తే వాడే దొంగ. ఇంతవరకూ ఆ పద్ధతిలో ఒక్క కేసూ తేలలేదు గానీ ఆయన మానలేదు.

డైరెక్టర్ మాట్లాడుతూ మాట్లాడుతూ రెండు చేతుల వేళ్లతో చట్రం కట్టి మనుషుల్ని అందులోంచి చూసే రకం. మాటల రచయిత రాసిన పేజీ చూపించమని డిటెక్టివ్ అడిగితే జేబులోంచి మడత తీసి ఇచ్చాడు. సింహగర్జనలా ఉంది. మంత్రులూ న్యాయమూర్తులూ అందరూ వణికిపోయేట్టుంది. కాగితం అడుగున వేసిన తేదీ మాత్రం నాలుగు రోజుల కిందటిది.

"పేజీ పోయింది ఈ ఉదయం. ఇది అంతకు ముందే ఎలా తయారైంది?" అంది డిటెక్టివ్.

"నిజం చప్పగా ఉంటే నా సినిమా గతేం కావాలండీ?" అన్నాడు డైరెక్టర్ ఏమాత్రం తొణక్కుండా. "ముందుజాగ్రత్తకి రాయించి పెట్టుకున్నాను. వాక్‌స్వాతంత్ర్యం మీద సినిమా తీస్తూ ఆఖరి సీన్లో ఆయన పాల లెక్క చదువుతూ కూర్చుంటే జనం లేచిపోతారు."

వాక్‌స్వాతంత్ర్యం కోసం తీసే సినిమాలో అవతలివాడి వాక్కు మార్చేయడం ఏమిటో మాస్టారికి మింగుడుపడలేదు. ఎనభై మార్కులు వేశారు.

పబ్లిషర్ వేషం వేస్తున్న హీరో ఇంకా గడ్డం తియ్యలేదు. చొక్కా చేతుల మీద సిరా మరకలున్నాయి. అడక్కముందే ఒక సంగతి చెప్పేశాడు. బొమ్మలో ఉన్న మంత్రి కొడుకు ఇప్పుడు తండ్రిని మించిన పెద్దమనిషి అయ్యాడు. సినిమా తీసుకోండి గానీ ఆ పేజీ మాత్రం బయటికి రాకూడదని మూడు రోజుల కిందట తనకి కబురు పెట్టాడు. వస్తే ఇక తనకి సినిమాలుండవని కూడా చెప్పించాడు. మాస్టారు గబగబా తొంభై వేశారు.

"భయపడ్డాను, కాదనను," అన్నాడు హీరో. "కానీ ఆరు వారాలు బాబాయ్ దగ్గర ఈ పని నేర్చుకున్నానండీ. ఒక్క లైను పేర్చడానికి నాకు అరగంట పడుతుంది. ఒకడు కట్టిన పేజీని కూలదోయడం నావల్ల కాదు."

చివరికి ఫోర్‌మన్ వచ్చాడు. డెబ్బై నాలుగేళ్లు, సన్నటి మనిషి, గోళ్ల సందుల్లో నలుపు ఒంట్లో భాగమైపోయింది. ప్రశ్నలకి అవుననీ కాదనీ తప్ప పెద్దగా చెప్పలేదు. ముప్పయ్యైదేళ్లు కాపాడిన పేజీ పోయిందే, బాధగా లేదా అని డిటెక్టివ్ అడిగితే, పోవలసిన రాత అలా ఉంటే ఎవరేం చేస్తారన్నాడు. మాస్టారికి జాలేసింది. సున్నా మార్కులు వేసి, చుట్టూ గీత గీశారు.

అప్పుడు డిటెక్టివ్ ఒక వింత పని చేసింది. అందరినీ గదిలోకి రమ్మని, తను గళ్ల పెట్టె దగ్గర నిలబడి మాట్లాడుతూ ఒక అక్షరాన్ని తీసింది. మాటల ధ్యాసలో ఉన్నట్టే దాన్ని వేళ్లలోంచి జారవిడిచింది. అది నేలకి చేరేలోపే ఫోర్‌మన్ వయసు మరిచి ముందుకి దూకి అరచేత్తో పట్టుకున్నాడు. అచ్చుపడే ముఖం నేలకి తగిలితే అక్షరం చెడిపోతుందమ్మా అని మందలించి దాని గడిలో దాన్ని పెట్టాడు. ఆమె క్షమించమంది. కాసేపాగి కుప్పలోంచి ఒక అక్షరం తీసుకుంది. అది కూడా చేయి జారింది. టింగుమంటూ రాతినేల మీద పడి బల్ల కిందికి పోయింది. ఈసారి ఎవరూ కదల్లేదు.

వయసు మీద పడ్డాక కూడా అంత చురుకా అని మాస్టారు ముచ్చటపడ్డారే తప్ప, అందులో ఇంకేమీ కనబడలేదు.

"మాస్టారూ, మీకొక లెక్క," అంది డిటెక్టివ్ బయటికొచ్చాక, భూతద్దం ఆయన చేతిలో పెట్టి. కుప్పలోంచి చూడకుండా వంద అక్షరాలు తీయాలి. వాటిలో ముఖం అరిగినవెన్ని, విరిగినవెన్ని, నిక్షేపంగా ఉన్నవెన్ని, విరిగినచోట సీసం మెరుస్తోందా మసకగా ఉందా, ఇవన్నీ రాయాలి. మాస్టారు మధ్యాహ్నమంతా ఆ పని మీదే కూర్చున్నారు. నిక్షేపంగా ఉన్నది ఒక్కటి కూడా దొరక్కపోయేసరికి తన కళ్ల మీద తనకే నమ్మకం పోయి ఇంకో వంద తీశారు. అందులోనూ అదే వరస. విరిగినచోటల్లా మసకే. గళ్ల పెట్టెలోంచి ఒక మంచి అక్షరం తీసుకుని గోరుతో గీరి చూశారు, కొత్తగా గీరినచోట తళతళా మెరిసింది. ఏదో ఉందని ఆయనకి తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. ఎనిమిదో తరగతి పిల్లలు బోర్డు వైపు అలా ఎందుకు చూసేవారో ఆయనకి ఆ సాయంత్రం అర్థమైంది.

మర్నాడు ఉదయం పదింటికి అందరూ ఆ పొడుగాటి గదిలో సమావేశమయ్యారు. లైట్లు సిద్ధంగా ఉన్నాయి, కెమెరా మీద గుడ్డ కప్పి ఉంది. డైరెక్టర్ గడియారం చూసుకుంటున్నాడు. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది, ముఖం పీక్కుపోయి ఉంది. హీరో, ఫోర్‌మన్ చెరో ముక్కాలిపీట మీద కూర్చున్నారు.

"బీమా పనిలో నేనొకటి నేర్చుకున్నాను," అంటూ డిటెక్టివ్ మొదలుపెట్టింది. "ఏం పాడైందో అందరూ చూస్తారు. పాడవకుండా ఏం మిగిలిందో చూడాలి. ఆ గోదాములో నిజంగా ఉండాల్సిన సరుకు ఉందా, లేక మంట పెట్టేముందు పాత సామాను తెచ్చి నింపారా అని చూడాలి."

ఆమె అడుగడుగునా విప్పుతూ పోయింది. పన్నెండు కిలోల సీసం రాతి మీద పడితే పక్కగదిలో వినబడకుండా ఉండదు. వినబడలేదంటే పడలేదన్నమాట, ఎవరో మెల్లగా పోశారు. పడ్డ అక్షరాల్లో కొన్ని విరగాలి, కొన్ని బాగుండాలి, విరిగినవి కొత్తగా మెరవాలి. మాస్టారు లెక్కించిన రెండొందల్లో బాగున్నది ఒక్కటీ లేదు, మెరిసేది ఒక్కటీ లేదు. అవన్నీ ఏనాడో అరిగిపోయి, కరిగించడానికి డబ్బాలో పడేసిన అక్షరాలు. పత్రిక ఆఖరి పేజీని ఆ చెత్తతో ఎవరూ పేర్చరు. కాబట్టి నేలమీదున్నది ఆ పేజీ కాదు, పక్కనున్న ఖాళీ చట్రం కూడా దానిది కాదు.

ఆవిడ గోడ వదిలి ఒక అడుగు ముందుకేసింది.

"డైరెక్టర్ గారో, ఆయన మనిషో అయితే గుప్పెళ్లతో అక్షరాలు మాత్రమే పోసేవారు," అంది డిటెక్టివ్. "ఖాళీ కూడా సీసమేనని బయటివాళ్లకి తెలియదు. మా మాస్టారికే నిన్నదాకా తెలియదు. ఈ కుప్పలో ఖాళీ ముక్కలున్నాయి, బద్దలున్నాయి, ఒక పేజీకి ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయి. పోసినవాడికి పేజీ అంటే ఏమిటో బాగా తెలుసు. హీరో గారికి ఆరు వారాల పనితనం ఉంది. కానీ బెదిరింపుకి భయపడినవాడు పేజీని నాశనం చేస్తాడు గానీ, దాచిపెట్టి దాని బదులు ఇంకోటి పోయడు. పోనీ దాచాడే అనుకోండి, ఎదురుగా ఉన్న గళ్లలోంచి చేతికందినవి పోస్తాడు. ఈ మనిషి అలా చేయలేదు. అబద్ధం కోసం కూడా ఒక్క మంచి అక్షరాన్ని నేల మీద వేయడానికి చేయి రాలేదు. మూలన ఉన్న డబ్బా వెతికి, పనికిరానివే ఏరి పోశాడు. నిన్న నేను గళ్లలోంచి తీసింది జారిస్తే ప్రాణం పోయినట్టు దూకాడు. కుప్పలోది జారిస్తే కదల్లేదు. ముప్పయ్యైదేళ్లు కాపాడిన పేజీ అక్షరం పడిపోతుంటే ఊరుకునే మనిషి కాదాయన."

అందరి చూపులూ ఫోర్‌మన్ మీదికి తిరిగాయి. మాస్టారు నోటుబుక్కు తెరిచి సున్నాను, దాని చుట్టూ గీసిన గీతనూ చూసుకుని మెల్లగా మూసేశారు.

డిటెక్టివ్ రాక్ దగ్గరికి నడిచింది. గడ్డిపోచంత బరువుండే థర్మోకోల్ పేజీల కింద చెక్క బద్ద ఎందుకు కుంగుతుందని అడిగి, కింది అరలో ఒక్కో ఉత్తుత్తి పేజీనీ వేలితో తోస్తూ వచ్చింది. అన్నీ జరిగాయి. మధ్యది జరగలేదు.

ఫోర్‌మన్ లేచి నిలబడ్డాడు. ఆమెను పక్కకి తప్పుకోమని, తానే వంగి రెండు చేతులా దాన్ని తీసి రాతిబల్ల మీద పెట్టాడు. గుడ్డ లేని ఆ పేజీ బూడిదరంగులో చెక్కుచెదరకుండా ఉంది. తలకిందులుగా, అద్దంలో చూసినట్టుగా ఉన్న ఆ అక్షరాల్ని ఆ గదిలో ఆయన తప్ప ఎవరూ గడగడా చదవలేరు.

"ఎందుకు బాబాయ్?" అంది ఆవిడ.

ఆయన చట్రం అంచు తుడిచాడు. తర్వాత చెప్పాడు. ఆ పేజీ సింహగర్జన కాదు, క్షమాపణ. కోర్టు మెట్ల మీద అంత మాట అన్న మనిషి ఆ రాత్రి నిద్రపోలేదట. పొద్దున్నే వచ్చి, నా మాటకి నువ్వు జైలుకెళ్లడమేమిటిరా, నీ ఇంట్లో నిండు చూలాలు ఉంది, రాసుకో అని చెప్పి పేర్పించాడట.

"నా కోసం ఆయన తల వంచితే నేనింక ఊళ్లో తలెత్తుకుని తిరగ్గలనా? వద్దంటే వినడు. మొండి మనిషి. పేర్చడం పూర్తిచేసి, చేతులు కడుక్కుని, సందు చివరి కొట్టుకెళ్లి పోలీసులకి నేనే ఫోన్ చేశాను. సీలు వేస్తే అచ్చు ఆగుతుంది కదా అని. జైల్లో ఎనిమిది నెలలు పక్కపక్కనే పడుకున్నాం. ఫోన్ ఎవరు చేశారని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు."

ఇక ముప్పయ్యైదేళ్లూ ఆ పేజీని కూల్చేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాడట. ఆయన మాటని విడదీయడానికి చేతులాడలేదు. అచ్చు వేయడానికీ ఆడలేదు. పబ్లిషర్ గారి పాప వచ్చి సినిమాకి కావాలని అడిగితే కాదనలేక తెచ్చి ఇచ్చాడు, ఇచ్చిన దగ్గర్నుంచీ గుండెల్లో రాయి పడ్డట్టే ఉంది. మంత్రులు మూయించలేని నోటిని తానే మూయించానని ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. మాస్టారికి కూడా కళ్లు తడిశాయి. తప్పుచేసినవాడి మీద కోపం రాకపోవడం ఆయన ఉద్యోగ జీవితంలో ఇదే మొదటిసారి.

డైరెక్టర్ కట్టుకున్న వేళ్ల చట్రం ఎప్పుడో విడిపోయింది. జేబులోని మడత కాగితం తీసి చూసుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"వేయండి బాబాయ్," అంది ఆవిడ. "కెమెరా తర్వాత. ముందు నాకు వేయండి."

ఫోర్‌మన్ పేజీని మెషిను మీదికి ఎక్కించాడు. హీరో రోలరుకి సిరా పట్టించాడు. ముసలాయన కాగితం పెట్టి మీట లాగాడు. తడి ఆరని కాగితాన్ని రెండు కొసలా పట్టుకుని, తను చూడకుండానే ఆవిడకి అందించాడు.

ఆవిడ నిలబడే చదివింది. సగం దాకా ముఖంలో ఏ మార్పూ లేదు. ఆ తర్వాత ముక్కాలిపీట వెతుక్కుని కూర్చుంది.

"ఆఖరి నాలుగు లైన్లు గుర్తున్నాయా మీకు?"

"అన్నీ గుర్తున్నాయమ్మా."

"అవి కోర్టుకి కాదు, మాకు. మా అమ్మకీ నాకూ. అమ్మ ఆరేళ్ల కిందట పోయింది బాబాయ్, ఇవి వినకుండానే పోయింది."

ఫోర్‌మన్ ముఖం చూస్తే, ఆ లైన్లు తన చేత్తో పేర్చి కూడా అవి ఒకరికి చేరాల్సినవన్న ఆలోచనే ఇన్నేళ్లలో రాలేదని మాస్టారికి తెలిసిపోయింది. పబ్లిషర్ పరువు ఒక్కటే కనబడింది ఆయనకి.

"ఇంట్లోనే ఉండేవాడుగా. మాతో ఎందుకు అనలేదు?" అంది ఆవిడ.

"నోటితో అనడం ఆయనకి చేతకాలేదమ్మా," అన్నాడు ముసలాయన. "అందుకే అచ్చుకిచ్చాడు. దాన్ని నేను ఆపేశాను."

ఆవిడ కోప్పడుతుందేమోనని అందరూ చూశారు. కోపం ఉంది కూడా. ఆవిడ ఆయన వైపు చూడలేదు. కాగితాన్ని వెలుతురులోకి జరుపుకుని, గొంతు సర్దుకుని, ఆఖరి నాలుగు లైన్లూ గదిలో అందరికీ వినబడేట్టు చదివింది.

"మా ఇంటావిడ ముఖాన్ని నా పత్రికలో గయ్యాళి బొమ్మగా వేసి ఊరందరినీ నవ్వించాను. ఆమె నెల్లాళ్లు గడప దాటలేదు, నా కూతురు బడిలో ఏడ్చింది. వాళ్లు కేసు పెట్టలేదు, గడువు ఇవ్వలేదు. మంత్రిగారికంటే ముందు వాళ్లిద్దరికీ నా క్షమాపణ."

చదవడం అయ్యాక ఇంకోసారి మొదటినుంచి చదివింది.